ఏడు లోపాల మూట

40వ రోజు (భూమి లెక్కలో 41)

నియమం ప్రకారం దాఖలు కౌంటర్‌లో ప్రతి కేసుకూ ఒక పుస్తకం రాయాలి. ఎవరొచ్చారు, ఏం పంపాం, రసీదు ఏ వేళకు వచ్చింది. అంతకు మించి రాయమని ఎవరూ అడగలేదు. అయినా ఎర్రమెట్టలో ఈ పుస్తకం తెరిచి చూసే తీరిక ఎవరికీ లేదు కాబట్టి నాకు నచ్చినంత రాసుకుంటాను. రోజులు తీర్పు వచ్చిన నాటి నుంచి లెక్క. అంగారకుడి మీద మన రోజు భూమి రోజు కంటే నలభై నిమిషాలు పొడవు కాబట్టి పక్కన వాళ్ళ లెక్క కూడా వేస్తాను.

నా పేరు చిట్టూరి వకుళ. దాఖలు గుమాస్తాను. పంతొమ్మిదేళ్ళలో భూమి కోర్టుకు పదకొండు వందల నలభై మూటలు పంపాను. ఒక్కటంటే ఒక్కటి కూడా లోపాల చీటీతో వెనక్కి రాలేదు. ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను, అడిగినా అడగకపోయినా.

పొద్దున కౌంటర్ తెరవగానే ఓబులమ్మక్క వచ్చింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. మొదటి సొరంగంలో అతుకులన్నీ ఆమె వెల్డింగే. ఆ అతుకుల వెనక ఇవాళ మూడు వేల మందిమి నిశ్చింతగా గాలి పీలుస్తున్నాం. సెలవు రోజుల్లో మిగిలిపోయిన రేకులతో తనకంటూ ఒక గది అతికించుకుంది. దానికి కిటికీ పెట్టుకుంది. ఎర్రమెట్ట మొత్తానికీ ఇళ్ళల్లో ఉన్న కిటికీ అదొక్కటే.

"వకుళా, బెంచోళ్ళు సంస్థకే రాసిచ్చిరి," అంది బల్ల మీద తీర్పు కాగితాలు పెట్టి. "విత్తనం ఉర్లగడ్డలకు సల్లదనం కావాలంట. నా రూము బయటి గోడకు ఆనుకోని ఉండాది కదా, ఊరికినే సల్లగుంటాదంట. నన్ను పన్నెండో బారక్కుకు పొమ్మంటాండారు. ఆడ మంచం మీద మంచం."

బెంచి అంటే ఎర్రమెట్ట కోర్టు, దాని మీద అప్పీలు భూమి కోర్టుకు పోతుంది. సంస్థ అంటే వసతి సంస్థ. గదులు పంచేదీ వాళ్ళే, ఓబులమ్మక్కకు జీతం ఇచ్చేదీ వాళ్ళే.

"తీర్పు వచ్చి నలభై రోజులైంది. అప్పీలుకు గడువు అరవై రోజులే. ఇన్నాళ్ళూ ఏం చేశావక్కా?"

"కోప్పడినా," అంది.

నాకు నవ్వొచ్చింది గానీ ఆమె ముఖం చూసి ఆపుకున్నాను. గడువులోపు అప్పీలు కోర్టుకు అంది దానికి నంబరు పడితే, విచారణ అయ్యేదాకా ఎవరూ ఆమెను ఖాళీ చేయించలేరు. నంబరు పడకపోతే అరవై ఒకటో రోజున తాళం చెవి ఇచ్చేయాలి. కేసు తీసుకున్నాను.

43వ రోజు (భూమి లెక్కలో 44)

కోర్టు వాళ్ళ వెబ్‌సైటు తయారుచేసిన మనిషికి భూమి తప్ప ఇంకో చోటు ఉందని తెలిసినట్టు లేదు. ఫీజు కట్టగానే ఫోనుకు ఆరంకెల కోడ్ పంపుతుంది. పది నిమిషాల్లో కొట్టాలి. ఈ నెలలో ఆ కోడ్ మా దాకా రావడానికే ఇరవై ఒక్క నిమిషాలు పడుతుంది. మొదటి ఏడాది ఎర్రమెట్ట నుంచి ఒక్క దావా కూడా దాఖలు కాలేదంటే కారణం అదే.

అందుకే చంద్రుడి మీద మా కోసం ఒక యంత్రం పెట్టారు. ఇక్కడ అన్నీ సిద్ధం చేసి, ఫీజుతో సంతకాలతో సహా ఒకే మూటగా కట్టి పంపితే, అది మా తరఫున ఆ కోడ్లూ గీడ్లూ కొట్టుకుంటుంది. యంత్రానికి మూట అందిన వేళే కోర్టుకు అందిన వేళ. ఒకసారి వదిలాక మాత్రం మూటలో వేలు పెట్టడానికి ఉండదు. ఒక్క సంతకం మరిచిపోతే లోపాల చీటీ, ఆ చీటీకి జవాబు, దానికి మళ్ళీ చీటీ, ఇలా నెలలు గడిచిపోతాయి.

ఆ బాధ పడలేకే మా కౌంటర్‌లో ఎదురు చదువు మొదలైంది. ఒకరు మూట మొత్తం పైకి చదువుతారు, ఎదుట కూర్చున్నవారు అసలు కాగితం మీద వేలు పెట్టుకుంటూ వస్తారు. కామాతో సహా చదవాలి. తప్పు దొరికితే ఆ పేజీ మళ్ళీ మొదటి నుంచి. భూమి మీద ఎవరైనా ఇంత ఓపికగా చేస్తారా? చేయరు. వాళ్ళకు చీటీ వస్తే సాయంత్రానికి సవరించుకుంటారు.

ఓబులమ్మక్క మూట నూట పన్నెండు పేజీలు వచ్చింది. ఎదురు చదువుకు ఇమ్మానుయేలును కూర్చోబెట్టాను. అతను యాంటెన్నా ఆపరేటరు, నలభై ఏళ్ళవాడు, మంచి గొంతు, ఆదివారం ప్రార్థనలో పాడతాడు. హద్దుల షెడ్యూలు దగ్గర ఆగిపోయాడు.

"తూర్పు, సొరంగం దారండి. దక్షిణం, నీళ్ళ ట్యాంకండి. పడమర ఏంటండీ ఇది, అంగారక గ్రహం అని రాశారు?"

"కిటికీ అటే కదా ఉంది. అవతల ఇంకేముంది మరి?"

"నిజమేనండి," అని కామాతో సహా చదివాడు.

49వ రోజు (భూమి లెక్కలో 50)

ఒక్క కాగితం తక్కువ. ఓబులమ్మక్క జీతానికి కోర్టు ఫీజు మినహాయింపు ఉంటుంది, కానీ జీతం ఇంత అని యజమాని ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ యజమానే ఈ కేసులో ఎదుటి పక్షం. నియమాలు రాసినవాళ్ళు ఇలాంటి ముడి పడుతుందని ఊహించి ఉండరు.

సంస్థ కార్యదర్శి జలదంకి పరమేశం గారి దగ్గరికి నేనే వెళ్ళాను. మంచివారే. బంగాళాదుంపల దిగుబడి తప్ప వేరే ఆలోచన లేదు.

"ఇస్తానండీ, ఎందుకివ్వను," అన్నారు. "జీతాల పట్టీ ఒకసారి సరిచూసుకోనివ్వండి. గడువులోపు మీ చేతిలో పెడతాను, సరేనా?"

సరేనన్నాను.

53వ రోజు (భూమి లెక్కలో 54)

భూమి లెక్కలో రెండేళ్ళకొకసారి సూర్యుడు మాకూ భూమికీ మధ్య అడ్డంగా వస్తాడు. ఆ పద్నాలుగు రోజులూ మాట పోదు, మాట రాదు. దాన్ని ఇక్కడ అడ్డుపక్షం అంటాం. ఈసారి అది గడువు తీరిన మర్నాడే మొదలవుతుంది.

"వకుళ గారండీ, రొద పెరిగిపోతందండి," అన్నాడు ఇమ్మానుయేలు. "ఇయ్యాల పంపితే నూట పన్నెండు పేజీలూ శుభ్రంగా ఎల్లిపోతాయండి. ఆ ధ్రువపత్రం తర్వాత పంపుకుందారి. చీటీ వస్తే వస్తది, ఏవైపోద్దండి?"

"పదకొండు వందల నలభై మూటలకు రాని చీటీ, ఓబులమ్మక్క మూటకు రావాలా?"

అతను తన గదికి వెళ్ళిపోయాడు. ఇంకోసారి అనాల్సింది.

56వ రోజు (భూమి లెక్కలో 57)

ధ్రువపత్రం కోసం సంస్థ ఆఫీసుకు వెళ్ళాను. పరమేశం గారు లేరు. మంచుగని దగ్గర పంపు చెడితే నిన్ననే బండెక్కి వెళ్ళారట. గని ఉన్నది లోయలో, అక్కడికి రేడియో అందదు. నా కోసం ఒక మాట చెప్పి వెళ్ళారు. "అరవయ్యో రోజు పొద్దున్నే వచ్చి సంతకం పెట్టి ఇస్తాను, వకుళ గారిని కంగారు పడొద్దనండి."

ఆ మాటే మళ్ళీ చెప్పించుకున్నాను. అరవయ్యో రోజు. ఆయన మన రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. కోర్టు లెక్కపెట్టేది భూమి రోజులు. రోజుకు నలభై నిమిషాల చొప్పున అరవై రోజులకు రోజున్నర తేడా. మన యాభై ఎనిమిదో రోజు మధ్యాహ్నం భోజనాల వేళకే గడువు తీరిపోతుంది.

ఆయన తప్పు కాదు. ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ళకు రోజంటే మన రోజే. "గడువులోపు" అని ఆయన అన్నప్పుడు "ఏ రోజుల్లో?" అని అడగాల్సిన మనిషిని నేను. ఈ పుస్తకంలో రెండు లెక్కలూ వేసుకుంటూ, ఈ సంగతి అందరికీ తెలుసన్నట్టు కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ళ గుమాస్తాగిరీ నాకు నేర్పింది ఇదా! సిగ్గుతో చచ్చిపోయాను.

58వ రోజు (భూమి లెక్కలో 59, చివరి పూట)

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నిన్న రోజంతా కాగితం కోసం ప్రయత్నించాను. సంతకం పెట్టే అధికారం పరమేశం గారికి తప్ప ఎవరికీ లేదు. పొద్దున్నే యాంటెన్నా గదికి వెళ్ళాను. ఓబులమ్మక్కను కూడా రమ్మన్నాను.

"నూట పన్నెండు పేజీలంటే ఇంక ఆశ లేదండి," అన్నాడు ఇమ్మానుయేలు. "ఒక్కో పేజీ మూడు నాలుగుసార్లు పంపితే గానీ అటేపు సరిగ్గా అందదు. భోజనాల ఏళలోపు తొమ్మిది పేజీలు పంపగలనండి. పదోదానికి మాటివ్వలేను."

తొమ్మిది పేజీలు! అయిదు రోజుల కిందట అతను చెప్పినట్టు పంపి ఉంటే మొత్తం వెళ్ళేది. నా పేరు కోసం నేను ఆగాను. ఆ మాట ఓబులమ్మక్కతో అక్కడే చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"నేను నలభై దినాలు కోపంతో పోగొట్టుకుంటి, నువ్వు నాలుగైదు దినాలు పోగొడితివి," అంది. "ఇంగ చేసేది చూడు."

కూర్చుని మూట విప్పాను. నేను కట్టిన మూటను నేనే విప్పడం అదే మొదటిసారి. అప్పీలు ఫారం ఉండాల్సిందే, ఒక పేజీ. సంతకంతో అఫిడవిట్, ఒకటి. ఫీజు మినహాయింపు అర్జీ, ధ్రువపత్రం లేకుండానే, ఒకటి. తీర్పు ఇరవై రెండు పేజీలు, అందులో ఆఖరి పేజీ ఒక్కటే తీసుకున్నాను. అప్పీలుకు కారణాలు అయిదు పేజీలు. తొమ్మిది అయిపోయాయి. విషయసూచిక లేదు. హద్దుల షెడ్యూలు లేదు. ఇంగ్లీషు అనువాదం లేదు. అతుకుల ఫొటోలు నలభై తీయించాను, ఒక్కటీ లేదు. ఒక్కొక్కటి పక్కన పెడుతుంటే ఏ నియమం కింద ఏ లోపం అవుతుందో నోటికొస్తూనే ఉంది. ఆరు లోపాలు.

ఆపైన ఇంకొకటి. కారణాల చివర ఓబులమ్మక్క తన మాటల్లో చెప్పిన వాక్యాలు నాలుగున్నాయి. "ఈ గది నాకు ఎవరూ ఇవ్వలేదు. పని అయిపోయినాక నేనే అతికించుకున్నాను. నా అతుకు ఇంతవరకు కారలేదు. నన్ను తీసేస్తే ఆ గోడను కనిపెట్టుకునే దిక్కు లేదు." అవి అయిదో పేజీ దాటి ఆరో పేజీలోకి పోయాయి. వాటిని తీసేసే ధైర్యం నాకు లేకపోయింది. ఎడమ మార్జిన్ పావు అంగుళం తగ్గించాను. పట్టాయి. అది ఏడో లోపం.

తర్వాత నేను చేసిన పని కూడా రాయాలి. ఒక పేజీ టైపు చేశాను. "ఈ లోపాలు దాఖలుదారుకు తెలుసు. సూర్యుడి అడ్డు వల్ల తప్పనిసరై పంపుతున్నాం. నియమాలు తెలియక కాదు." కింద నా పేరు, పంతొమ్మిదేళ్ళ అనుభవం, మూటల సంఖ్య.

ఇమ్మానుయేలు ఆ పేజీ చూసి నెమ్మదిగా అన్నాడు, "ఇది పదో పేజీ అండి. ఇది ఎల్లాలంటే ఆ తొమ్మిదిట్లో ఒకటి ఆగాలి. ఏది ఆపమంటారు?"

అవతల కోర్టులో ఎవరో కుర్చీలో కూర్చుని ఈ మూట విప్పి, ఎవరో పని రాని మనిషి పంపిందనుకుంటారు. అలా అనుకోవడం తలుచుకుంటేనే నా ఒళ్ళు మండింది. ఓబులమ్మక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేళ్ళ నిండా పాత నిప్పురవ్వల మచ్చలు.

నా పేజీ చించేశాను.

ఎదురు చదువుకు గంట పట్టింది. తొమ్మిది పేజీలే అయినా కామా వదల్లేదు. ఓబులమ్మక్క తానే వేలు పెట్టుకుని కూర్చుంది. ఇమ్మానుయేలు పంపడం మొదలుపెట్టాడు. గడువుకు పదమూడు నిమిషాల ముందు తొమ్మిదో పేజీ భూమి వైపు చేరే లెక్క. రసీదు రాలేదు. మళ్ళీ అడిగాం, రొద తప్ప ఏమీ లేదు.

60వ రోజు (భూమి లెక్కలో 61)

పరమేశం గారు పొద్దున్నే వచ్చారు. గని దుమ్ము కూడా దులుపుకోకుండా ధ్రువపత్రం నా బల్ల మీద పెట్టారు.

"గడువు రోజున తెస్తానన్నాను, తెచ్చాను."

రోజున్నర కిందటే గడువు తీరిన సంగతి చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు.

"అరె. మీరు ఒక్క మాట చెప్పాల్సిందండీ."

"చెప్పాల్సింది. నాదే తప్పు."

దుమ్ము దులుపుకుంటూ లేచారు. "అయితే మూట వెళ్ళిందంటారు. నంబరు రాలేదంటారు. నా విత్తనం పాడవుతోంది, రేపు గది తీసుకోవాలి. కానీ వకుళ గారూ, మీ మూట ఇంతవరకు వెనక్కి రాలేదని ఊరందరికీ తెలుసు. అంతా సక్రమంగా వెళ్ళిందని ఒక్క మాట అనండి. అడ్డుపక్షం అయ్యేదాకా ఆగుతాను."

ఓబులమ్మక్క నా పక్కనే నిలబడి ఉంది. ఒక్క మాట. నా పేరు ఉన్నదే ఆ మాట కోసం అన్నట్టుంది. అనేస్తే ఎవరికీ తెలియదు, చీటీ వచ్చేదాకా.

"సక్రమంగా వెళ్ళలేదు," అన్నాను. "ఏడు లోపాలతో వెళ్ళింది. అన్నీ నేనే పెట్టాను. ఏ నియమం కింద ఏ లోపమో చెప్పగలను. ఏడూ సవరించుకోదగినవే. గడువు దాటడం మాత్రం వాటిలో లేదు. పదమూడు నిమిషాలు ముందే వెళ్ళింది, ఇమ్మానుయేలు చిట్టా చూసుకోండి."

ఆయన ధ్రువపత్రం నా వైపు జరిపారు. "ఏడు లోపాలున్నాయని మీ నోటితో మీరే చెబుతుంటే పదమూడు నిమిషాల మాట నేను ఎలా నమ్మకుండా ఉంటానండీ," అన్నారు. కానీ ఊరికే వదల్లేదు. నంబరు వచ్చేదాకా సగం గదిలో విత్తనం పెట్టెలు పెట్టుకుంటానన్నారు.

"పెట్టుకోప్పా," అంది ఓబులమ్మక్క. "కిటికీకి మాత్రం అడ్డం పెట్టొద్దు."

66వ రోజు (భూమి లెక్కలో 67)

అడ్డుపక్షం. పంపేది లేదు, వచ్చేది లేదు. ఓబులమ్మక్క గదికి వెళ్ళాను. పెట్టెల మధ్య మంచానికి దారి మాత్రం ఉంది. కిటికీలో, ఇక్కడి సాయంత్రాలన్నిట్లాగే, సూర్యుడు నీలంగా దిగుతున్నాడు. కౌంటర్ పనిలో పడి నేను అది చూసి చాలా కాలమైంది. ఆ మసక వెలుతురులో ఆమె కిటికీ చట్రం అంచంతా వేలితో తడిమి చూసింది. రోజూ చూస్తుందట, కారుతోందేమోనని.

భయంగా ఉందా అని అడిగాను. "ఉండాది," అంది. నాకూ ఉంది. మూట అందకపోయి ఉంటే ఈమెను బారక్కులో పై మంచం ఎక్కించింది నేనే అవుతాను.

74వ రోజు (భూమి లెక్కలో 76)

పొద్దున రొద తగ్గింది. కౌంటర్ ముందు పద్నాలుగు రోజుల పనంతా వరసలో నిలబడి ఉంది. ఇమ్మానుయేలు పరుగెత్తుకుంటూ వచ్చాడు, చేతిలో కాగితం. నా చేతికిచ్చి అటు తిరిగి నిలబడ్డాడు.

"పైకి చదువు," అన్నాను.

"మీరే లోపల చదువుకోండి."

"నీ గొంతు బాగుంటుంది. చదువు, అందరూ వినాలి."

చదివాడు. అప్పీలుకు నంబరు కేటాయించారు. గడువులో దాఖలైనట్టు నమోదు చేశారు. గది ఖాళీ చేయించే చర్య విచారణ ముగిసేదాకా నిలుపుదల. వరసలో ఉన్నవాళ్ళు గట్టిగా అరిచారు. ఓబులమ్మక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇమ్మానుయేలు అక్కడ ఆపేయబోయాడు.

"మిగతాది కూడా."

"'లోపాలు ఆరు. ముప్పై రోజుల్లో సవరించాలి. దాఖలు చేసిన గుమాస్తాకు ప్రాథమిక నియమాలపై అవగాహన లేనట్టు కనబడుతోంది. సదరు గుమాస్తా కొత్తగా చేరినవారి శిక్షణకు హాజరు కావలసిందిగా సూచన.'"

వరసలో ముందున్నవాళ్ళు నా వైపు తిరిగారు. ఓబులమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. "అంత మాటనిరా నిన్ను?"

"అన్నారక్కా."

నాకు నవ్వొచ్చింది, ఈసారి ఆపుకోలేదు. ఇన్నేళ్ళలో వెనక్కి రాని మూటలన్నీ కలిపినా నాకు ఇంత గర్వం కలగలేదు. ఆ మూటల్లో ఏముందో సగం గుర్తు కూడా లేదు. ఈ మూటలో ప్రతి లోపమూ నాకు తెలుసు, ఒక్కొక్కటి దేని కోసం వదులుకున్నానో తెలుసు. అందులో ఒక మనిషి ఇల్లు ఉంది. చీటీని అందరికీ కనబడేట్టు పైకెత్తి చూపించాను.

పరమేశం గారి మనుషులు మధ్యాహ్నానికి పెట్టెలు తీసుకుపోయారు.

77వ రోజు (భూమి లెక్కలో 79)

సవరణ మూట సిద్ధమైంది. విషయసూచిక, తీర్పు మొత్తం, ధ్రువపత్రం, హద్దులు, అనువాదం, ఫొటోలు నలభై. శిక్షణకు నా పేరు రాసి పంపాను. పాఠానికీ నా ప్రశ్నకూ మధ్య నలభై రెండు నిమిషాలు పడుతుంది, చెప్పేవాళ్ళకే విసుగొస్తుంది.

ఎదురు చదువులో ఆఖరి పేజీ దగ్గర ఇమ్మానుయేలు ఆగాడు.

"ఏడో లోపం కూడా రాశారేంటండీ? 'అయిదు నుంచి తొమ్మిది వరకు పేజీల ఎడమ మార్జిన్ పావు అంగుళం తక్కువ. రిజిస్ట్రీ వారు గమనించలేదు. సవరించి జతచేస్తున్నాను.' వాళ్ళు ఆరే పట్టుకున్నారు కదండీ. ఇది ఎవరూ చూడలేదండి."

"నేను చూశాను," అన్నాను. "కామాతో సహా చదువు."